అనుమతి ఉత్తరం

సమకాలీన ప్రేమ నవలలో కథానాయిక భర్తను కోల్పోయిన స్త్రీ అని తెలియగానే నేను ముందుగా పోయిన మనిషి కోసం వెతుకుతాను. ఆయనను రచయిత ఏం చేయదలచుకున్నారో తెలిస్తే మిగతా కథ నడక చాలావరకు అర్థమైపోతుంది. ప్రేమకథే కేంద్రంగా ఉండాలి, ముగింపు ఆశ కలిగించాలి అన్నవి ఈ తరహా నవలలకు ఉన్న రెండు కట్టుబాట్లు కనుక, ఆమెకు కొత్త తోడు దొరుకుతుందా లేదా అన్న ఉత్కంఠ మొదటి పేజీలోనే తీరిపోతుంది. ఆ తోడును ఒప్పుకుంటే పాత ప్రేమకు ద్రోహం చేసినట్టవుతుందేమోనన్న ఆమె భయం ఎలా తీరుతుందన్నదే అసలు కథ.

ఆ భయాన్ని తీర్చడానికి రచయితలు తరచుగా రెండు అడ్డదారులు తొక్కుతారు. మొదటిది, పోయినవాడు మంచివాడు కాడని తేల్చడం: ఏ రహస్య సంబంధమో, దాచిన అప్పో సగం నవలలో బయటపడుతుంది, కన్నీళ్ళు ఆగిపోతాయి, దారి సుగమమవుతుంది. మొదటి ప్రేమ అబద్ధమైతే తప్ప రెండవది నిజం కాదన్నట్టుగా సాగే ఈ పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. రెండవది అనుమతి ఉత్తరం. చనిపోయే ముందు భర్త రాసి పెట్టిన ఉత్తరం సరిగ్గా అవసరమైన అధ్యాయంలోనే దొరుకుతుంది. అందులో 'నువ్వు మళ్ళీ సంతోషంగా ఉండాలి' అని ఉంటుంది. హఠాత్తుగా భర్తను పోగొట్టుకున్న మా అక్క అలాంటి ఒక నవలను ఆ ఉత్తరం దగ్గరే మూసేసి, "మీ బావకు ఆ రోజు కరెంటు బిల్లు కట్టమని చెప్పే తీరికే లేకపోయింది, ఉత్తరం రాసే తీరిక ఎక్కడిది?" అంది.

ఈ నవలల్లో దుఃఖం మెట్లెక్కినట్టు సాగడానికి 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్‌రాస్ చెప్పిన అయిదు దశలు (నిరాకరణ, కోపం, బేరమాడడం, కుంగుబాటు, అంగీకారం) కొంత కారణమని నా అనుమానం. ఆమె మొదట వాటిని గుర్తించింది మరణానికి చేరువైన రోగులలో. నవలల్లో మాత్రం అవి బతికి ఉన్నవారు ఒక్కొక్కటిగా దాటవలసిన మెట్లయ్యాయి, చివరి మెట్టు మీద కొత్త ప్రియుడు చేయి చాచి నిలబడి ఉంటాడు. 1999లో దుఃఖంపై పరిశోధన చేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ ప్రతిపాదించిన నమూనా దీనికి భిన్నమైనది: ఆప్తులను పోగొట్టుకున్నవారు కాసేపు ఆ లోటు వైపు, కాసేపు కొత్త జీవితాన్ని కట్టుకునే పనుల వైపు ఊగుతూ ఉంటారని వారన్నారు. నిన్న రాత్రి కొత్త స్నేహితుడి మాటలకు పగలబడి నవ్విన స్త్రీ, ఈ ఉదయం ఏదో దరఖాస్తులో 'వివాహిత' అన్న గడి దగ్గర కలం ఆపి కూర్చుండిపోవచ్చు. నవలాకారులు ఆ ఊగిసలాటనంతా ముగింపుకు ముందు కొత్త ప్రియుడితో ఒక్క పెద్ద ఎడబాటుగా కుదించి, ఆమె తిరిగి రాగానే దుఃఖం పూర్తయినట్టు లెక్క కట్టేస్తారు.

పాత ఇంగ్లండు నేపథ్యంలో నడిచే ప్రేమ నవలల్లో వితంతు నాయికకు వేరే ప్రయోజనం ఉండేది. అక్కడి అప్పటి చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి విడిగా ఒప్పందాలు చేసుకునే హక్కు ఉండేది కాదు. భర్త పోయిన స్త్రీకి ఉండేది. కథకు ఆ స్వేచ్ఛ అక్కరకు వచ్చేది. నేటి నాయికకు ఆ హక్కు ఎలాగూ ఉంది కనుక, ఇప్పుడు రచయిత చేతిలో మిగిలింది దుఃఖమొక్కటే. దాన్ని దాటవేస్తే ఆమెను వితంతువుగా రాయవలసిన అవసరమే లేదు.

కొత్తగా వచ్చే మగవాడి పాత్ర మరీ కష్టమైనది. అతడి పోటీదారు ఇక ఏ పొరపాటూ చేయడు, వయసు మీరడు, కోపంలో మాట తూలడు. నా దృష్టిలో మంచి రచయిత ఇతడి చేత పాత ఫొటో గోడ మీద నుంచి తీయించడు. ఆ ఫొటోలోని మనిషి దేనికి నవ్వుతున్నాడని అడిగిస్తాడు. పోయినవారితో బంధం తెగిపోనవసరం లేదని, రూపం మార్చుకుని కొనసాగుతుందని 1996లో డెనిస్ క్లాస్, మరో ఇద్దరు పరిశోధకులు సంపాదకత్వం వహించిన పుస్తకం వాదించింది. ఆ ఒక్క ప్రశ్నలో ఆ వాదమంతా ఇమిడిపోతుంది.

ఇదంతా అక్కకు చెబితే, తనకు కావలసిన పేజీ వేరే ఉందంది. పెళ్ళయి కొంతకాలం గడిచాక నాయిక వంటింట్లోంచి పరధ్యానంగా పాత భర్త పేరు పెట్టి పిలవాలి, కొత్తాయన "ఆఁ, వస్తున్నా" అని పలకాలి, ఆ తర్వాత ఇద్దరూ దాని గురించి ఏమీ మాట్లాడుకోకూడదు. అలాంటి నవల దొరికితే తెచ్చిపెట్టమంది. ఇంకా వెతుకుతున్నాను.