ఏ యార్డుకి తోలాలి?

స్కాట్లండ్‌లోని డండీలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే డిసెంబరు రోజుల్లో ఒకనాడు, మా గేమ్ కంపెనీలోని పద్నాలుగు మందిమి బల్ల చుట్టూ కూర్చున్నాం. మా గేమ్‌ని ముందు ఏ కన్సోల్ (గేమ్‌లు ఆడే మెషీన్) మీద తేవాలో తేలాలి. పోటీలో ఉన్నవి సోనీ పీఎస్5, నింటెండో స్విచ్. రెండిటికీ ఒకేసారి చేసేంత డబ్బు లేదు. నేను పీఎస్5 అన్నాను. గుంటూరు బ్రాడీపేట నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బులిచ్చి ఆడుకుంటూ పెరిగినవాణ్ణి, బలమైన మెషీన్ అంటే ఇప్పటికీ మోజే. దానికి 16 జీబీ మెమరీ, స్విచ్‌కి 4 జీబీ. ఇందులో ఆలోచించడానికేముంది?

మా బాస్ ఒక్కటే అడిగింది: "మన గేమ్ కొనేవాళ్లు ఎక్కడున్నారు?"

మాది పొలం చేసుకుంటూ, చేపలు పట్టుకుంటూ తీరిగ్గా ఆడుకునే గేమ్. అలాంటివాటిని మంచం మీద పడుకుని, చేతిలో పట్టుకుని ఆడేవాళ్లు స్విచ్ దగ్గర ఉన్నారు. నా ఓటు వీగిపోయింది. అలిగాను కూడా.

ఫిబ్రవరిలో చెల్లి పెళ్లికి గుంటూరు వచ్చినప్పుడు బాబాయ్ తనతో పాటు మిర్చి యార్డుకి తీసుకెళ్లాడు. ఆయన అక్కడ కమీషన్ ఏజెంటు. గేటు దాటగానే నాకు దగ్గు మొదలైంది. ఆరేళ్లు డండీ గాలి పీల్చిన ముక్కు తేజ మిర్చి ఘాటుకి తట్టుకోలేదు. కళ్లనిండా నీళ్లు. తుండుగుడ్డ ఇచ్చి, టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చోబెట్టి, "ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేందిరా?" అన్నాడు. ఎప్పుడడిగినా కంప్యూటర్ ఉద్యోగం అని తప్పించుకునేవాణ్ణి. ఆరోజు మొత్తం చెప్పాను, నా ఓటు వీగిపోవడంతో సహా.

"నీ బాసే కరెక్టు," అన్నాడు టక్కున. "పక్కన కర్ణాటక లారీ చూశావా? దారిలో యార్డులు లేకనా ఇక్కడికి తోలుకొచ్చాడు? కొనేవాళ్లు ఇక్కడున్నారు కాబట్టి. వాళ్లెందుకున్నారు? సరుకు ఇక్కడికే వస్తుంది కాబట్టి."

ఇది కన్సోళ్లకి అచ్చంగా సరిపోతుంది. నింటెండో 2012లో వీ యూ అనే కన్సోల్ తెచ్చింది. మెషీన్లు అమ్ముడవలేదని గేమ్‌లు చేసేవాళ్లు పక్కకి తప్పుకున్నారు, గేమ్‌లు లేవని జనం కొనలేదు. చివరికి మొత్తం 1.35 కోట్ల దగ్గర ఆగిపోయింది. అదే కంపెనీ 2017లో తెచ్చిన స్విచ్ 15 కోట్లు దాటింది. అప్పటి మిగతా కన్సోళ్ల ముందు అది బలహీనమైనదే. అయినా అందరూ దాని గుమ్మం ముందే.

ఇక మెషీన్ బలం సంగతి. నా పక్క సీటు పెద్దాయన స్కాట్లండ్‌వాడు, పీఎస్3 కాలంలో జుట్టు ఊడగొట్టుకున్న మనిషి. 2006లో ఆ మెషీన్ వచ్చినప్పుడు కాగితం మీద దాని సెల్ ప్రాసెసర్ చూసి అందరూ నోరెళ్లబెట్టారట. అసలు ప్రాసెసర్‌కి తోడుగా గేమ్‌కి దక్కేవి ఆరు చిన్న ప్రాసెసర్లు. ఒక్కోదానికి సొంత మెమరీ 256 కేబీ. పనిని ముక్కలు కోసి వాటికి అందించడం, అయ్యాక వెనక్కి తెచ్చుకోవడం అంతా ప్రోగ్రామర్ నెత్తినే. ఉన్న 512 ఎంబీ మెమరీని కూడా ప్రాసెసర్‌కి సగం, గ్రాఫిక్స్‌కి సగం విడదీశారు. ఏడాది ముందే వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360లో అదే 512 ఎంబీ ఉమ్మడి. దాంతో చాలా స్టూడియోలు ముందు 360కి రాసుకుని, తర్వాత పీఎస్3కి అతికించేవి. అతుకు కనిపించేది. 2013లో పీఎస్4 తెచ్చేటప్పుడు సోనీ ఆ దారి వదిలేసి, పీసీలో ఉండే రకం ప్రాసెసర్, 8 జీబీ ఉమ్మడి మెమరీ పెట్టింది.

బాబాయ్‌కి ఇందులో సగం కూడా అర్థమై ఉండదనుకున్నా. "పొలం బంగారమే గానీ బండి పోయే డొంక లేదన్నమాట," అన్నాడు.

ఆన్‌లైన్‌లో అమ్మితే కన్సోల్ కంపెనీలు మామూలుగా 30 శాతం తీసుకుంటాయని చెప్తే మాత్రం ఆయన చేతిలో టీ ఒలికింది. "నూటికి ముప్పయ్యా! ఇక్కడ అట్టా పట్టుకుంటే రైతులు నన్ను మిర్చి టిక్కీలో కుక్కుతారు." కొన్నిసార్లు కన్సోల్ కంపెనీలే ముందుగా డబ్బిస్తాయనీ, అది తీసుకుంటే కొన్నాళ్లు వేరే కన్సోల్ మీదికి వెళ్లకూడదనీ చెప్పాను. దానికి ఆయన ఆశ్చర్యపోలేదు. విత్తనాలకీ పురుగు మందులకీ బాబాయ్ అప్పిస్తాడు, పంట ఆయన కొట్టుకే రావాలి. నేను ఊరుకున్నాను. ధర తేల్చేటప్పుడు అప్పున్న రైతు నోరెందుకు లేవదో మా తాత బతికున్నప్పుడే చూశాను.

తిరిగొచ్చాక నాలుగు నెలలు స్విచ్ 4 జీబీ మెమరీతో కుస్తీ. పంట కోతల పండగ సీన్ రాగానే గేమ్ కుప్పకూలేది. మూడు రోజులు వెతికితే దొరికింది: ఊరి బావి లోపలి గోడకి ఎవరో 4096 బై 4096 పిక్సెళ్ల బొమ్మ అంటించి, కంప్రెస్ చేయడం మరిచిపోయారు. అదొక్కటే 64 ఎంబీ. ఆ బావిలోకి ఆడేవాళ్లెవరూ తొంగి కూడా చూడలేరు.

ఆ తర్వాత సర్టిఫికేషన్. ప్రతి కన్సోల్ కంపెనీ తన నిబంధనల ప్రకారం గేమ్‌ని పరీక్షించాకే అమ్మకానికి పెట్టనిస్తుంది. మాది తిప్పి పంపారు. కంట్రోలర్ కనెక్షన్ పోతే గేమ్ ఆగాలి. మాది ఆగేది, చేప గాలానికి పడిన ఆ రెండు సెకన్లలో తప్ప. ఆ రెండు సెకన్ల కోడు రాసింది నేనే. విడుదల తేదీ జరిగిపోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అదింకా టెన్షన్. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే బాబాయే ఎత్తాడు. "తాలు కనపడితే సరుకు వెనక్కే పంపుతారురా. ఏరేసి మళ్లీ పెట్టు."

ఏరేసి పెట్టాం. అక్టోబరులో గేమ్ బయటికి వచ్చింది. నెల తర్వాత బాబాయ్ అడిగాడు, డబ్బులు చేతికొచ్చాయా అని. ఇంకా రాలేదన్నాను.

"వస్తాయ్‌లేరా, ఎక్కడికి పోతాయ్," అన్నాడు. సీజనంతా రైతులతో ఆయన చెప్పే మాటే అది.