పాస్‌వర్డ్ తప్పు కొట్టింది మేడమ్ కాదు: డైరెక్టరీ సర్వర్ లాగులతో నా అనుభవం

మా అకౌంట్స్ సెక్షన్ మేడమ్ లాగిన్ వరసగా ఎనిమిది పనిదినాలు పొద్దున్నే లాక్ అయిపోయింది. పదిన్నర, పదకొండు దాటాక మళ్ళీ మామూలే. హెల్ప్‌డెస్క్ వాళ్ళు రోజూ ఒకటే మాట: "క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి మేడమ్." తొమ్మిదో రోజు ఆవిడ నేరుగా నా సీటు దగ్గరికే వచ్చారు. "చూడు బాబూ, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ లెక్కలు చూస్తున్నాను. నా పాస్‌వర్డ్ నాకే తెలియదంటే ఎట్లా?" అన్నారు. గొంతులో కోపం కన్నా అవమానం ఎక్కువ వినిపించింది. అది నాకు బాగా గుచ్చుకుంది.

మా ఆఫీసు హైదరాబాద్‌లో. లాగిన్లన్నీ 389 డైరెక్టరీ సర్వర్ మీద నడుస్తాయి. యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒకచోట ఉంచుకుని, ఎవరు లాగిన్ అయినా సరిచూసే సర్వరది. ఒకప్పటి నెట్‌స్కేప్ డైరెక్టరీ సర్వరే చేతులు మారి రెడ్ హ్యాట్‌కి చేరి, ఫెడోరా డైరెక్టరీ సర్వర్‌గా బయటికొచ్చి, 2009లో ఈ పేరు పెట్టుకుంది. ఇలాంటి సర్వర్లతో మాట్లాడే పద్ధతిని ఎల్‌డ్యాప్ అంటారు. దాని పోర్టు నంబరు 389 కదా, పేరు అక్కడిదే. మా దగ్గర రెండు సర్వర్లున్నాయి. ఒకదానిలో మార్చింది రెండోదానికి దానంతటదే వెళ్తుంది. వీటి బాధ్యత నాకొచ్చి అప్పటికి నాలుగు నెలలు. యూజర్లను చేర్చడం, తీసేయడం, పాస్‌వర్డ్ రీసెట్ చేయడం తప్ప లాగుల జోలికి, అంటే సర్వర్ తనలో జరిగేదంతా రాసుకునే ఫైళ్ళ జోలికి, ఎప్పుడూ పోలేదు.

లాగులుండేది వార్ (/var) కింద లాగ్ డైరెక్టరీలో, మన ఇన్‌స్టన్స్, అంటే అక్కడ నడుస్తున్న సర్వర్, పేరుతో ఉన్న ఫోల్డర్లో. అందులో ముఖ్యమైనవి మూడు. యాక్సెస్ లాగులో ఎవరొచ్చారు, ఏమడిగారు, సర్వర్ ఏం చెప్పింది అన్నవి ఉంటాయి. ఎర్రర్స్ లాగులో సర్వర్ సొంత బాధలుంటాయి. ఎంట్రీల్లో ఎవరేం మార్చారో ఆడిట్ లాగు చెబుతుంది, కానీ మనం ఆన్ చేస్తే తప్ప అది రాయదు. అప్పటికి మా దగ్గర ఆఫ్‌లోనే ఉండేది.

మేడమ్‌ని ఫోన్లో పెట్టుకుని, లాగిన్ కొట్టమని చెప్పి, ఇటు యాక్సెస్ లాగు మీద టెయిల్ (కొత్త లైన్లు పడుతుంటే చూపించే కమాండు) పెట్టి కూర్చున్నాను. "కొట్టాను బాబూ" అన్నారు. స్క్రీన్ మీద ఒక్క గీత కదల్లేదు. "మళ్ళీ కొట్టండి మేడమ్." ఏమీ లేదు. రిక్వెస్టు అసలు సర్వర్ దాకా రావడం లేదేమో, నెట్‌వర్క్ వాళ్ళని పిలుద్దామా అనుకుంటుండగా ఒక్కసారిగా వందల లైన్లు కుమ్మరించినట్టు పడ్డాయి. యాక్సెస్ లాగుని సర్వర్ వెంటవెంటనే డిస్క్ మీద రాయదు. ముందు మెమరీలో పోగేసుకుని ఒకేసారి రాస్తుంది. దాన్నే లాగ్ బఫరింగ్ అంటారు. రద్దీ ఉన్న సర్వర్లో డిస్కుకి అది పెద్ద ఊరట. నేను ఒక పది నిమిషాలు మాత్రం దాన్ని ఆఫ్ చేసి, పని కాగానే మళ్ళీ ఆన్ చేశాను. సర్వర్ సెట్టింగులు మార్చే డీఎస్‌కాన్ఫ్ కమాండుతో మారిస్తే రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

ఇక చదవడం. మొదట్లో ఆ లైన్లు చూస్తే కళ్ళు తిరిగాయి. కిటుకంతా కనెక్షన్ నంబర్లో ఉంది. ఒక మెషిన్ వచ్చి తలుపు తట్టగానే దానికో నంబరు పడుతుంది. ఐపీ అడ్రస్ కనిపించేది ఆ మొదటి లైన్లో ఒక్కచోటే. తర్వాత అదే కనెక్షన్ మీద బైండ్, అంటే లాగిన్ ప్రయత్నం, ఒక లైను. దాని ఫలితం ఇంకో లైను. మధ్యలో వేరేవాళ్ళ లైన్లు పదుల కొద్దీ దూరిపోతాయి. అందుకని ముందు మేడమ్ ఐడీతో గ్రెప్ చేసి, అంటే ఆ ఐడీ ఉన్న లైన్లే వెతికి, బైండ్ లైన్లు పట్టుకున్నాను. వాటి కనెక్షన్ నంబర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కో నంబరుతో మళ్ళీ గ్రెప్ చేశాను.

ఆ పూట ఆవిడ కొట్టిన రెండు ప్రయత్నాలకీ వచ్చిన ఫలితం ఎర్రర్ 19. పాస్‌వర్డ్ తప్పయితే వచ్చేది 49. ఈ 19 అర్థం వేరు: ప్రయత్నాల పరిమితి దాటిపోయింది, కాసేపాగి రండి అని. అంటే ఆవిడ సరైన పాస్‌వర్డే కొట్టినా సర్వర్ లోపలికి రానివ్వలేదు. తప్పులన్నీ అంతకు ముందే జరిగిపోయాయి. పైకి వెళ్ళి చూస్తే 9 గంటల 38 నిమిషాలకి మూడు బైండ్‌లు, మూడింటికీ 49, అన్నీ ఒక్క నిమిషంలోపే. మా పాలసీలో మూడు తప్పులైతే గంటసేపు లాక్. పదిన్నర దాటాక తెరుచుకోవడానికి కారణం అదే.

ఆ మూడూ వచ్చిన ఐపీ మేడమ్ కంప్యూటర్ది కాదు. మూడో అంతస్తులో ఉన్న ప్రింటర్ది.

స్కాన్ చేసి మెయిల్‌కి పంపే ప్రింటరది. పేర్లు వెతకడానికి అది డైరెక్టరీలోకి లాగిన్ అవుతుంది. ఎప్పుడో పెట్టినప్పుడు ఎవరో మేడమ్ ఐడీ, పాస్‌వర్డ్ అందులో ఎక్కించేశారు. పాస్‌వర్డ్ గడువు తీరి ఆవిడ మార్చుకున్నారు, ప్రింటర్ మార్చుకోలేదు. పొద్దున ఎవరు మొదట స్కాన్ బటన్ నొక్కితే వాళ్ళ చేతిలో ఆవిడ అకౌంట్ లాక్. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ తప్పుల లెక్క మా సెట్టింగుల్లో రెండో సర్వర్‌కి వెళ్ళదు. ప్రత్యేకంగా పెడితే తప్ప డిఫాల్ట్‌గా అంతే. అందుకే ఆవిడ కంప్యూటర్ అప్పుడప్పుడు రెండో సర్వర్‌ని అడిగితే లాగిన్ చక్కగా పడేది. "ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు" అని ఆవిడ మొత్తుకున్నది అక్షరాలా నిజం. ఆ మాటే హెల్ప్‌డెస్క్‌కి అనుమానం పెంచింది.

ప్రింటర్‌కి చదవడానికి మాత్రమే హక్కున్న వేరే ఐడీ ఇచ్చాను. ఆ మూడు లైన్లు ప్రింట్ తీసి మేడమ్‌కి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని టైము దగ్గర వేలు పెట్టి, "తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి నేనింకా బస్సులో ఉంటాను" అన్నారు. తర్వాత అడిగారు: "ఇది ఎప్పట్నుంచి జరుగుతోంది బాబూ?"

చెప్పలేకపోయాను. పాత లాగులు లేవు.

డిఫాల్ట్‌గా యాక్సెస్ లాగు 100 ఎంబీకి చేరితే పక్కన పెట్టి కొత్త ఫైల్ మొదలుపెడుతుంది. అలాంటివి పది దాకా ఉంచుకోవచ్చు, కానీ మొత్తం 500 ఎంబీ దాటితే పాతది పోతుంది. మా సర్వర్ రోజుకి 400 ఎంబీ దాకా రాస్తుంది. అంటే మా చేతిలో ఉన్నది ఒక రోజు చిల్లర. దేశ సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు, అదీ మన దేశంలోనే, ఉంచాలి. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. డైరెక్టరీ సర్వర్ లాగులూ అందులోకే వస్తాయని ఎవరూ అనుకోలేదు.

కంగారులో నేను చేసిన పని, ఫైళ్ళ సంఖ్య బాగా పెంచి, డిస్క్ పరిమితిని యాక్సెస్‌కీ ఎర్రర్స్‌కీ మైనస్ 1 చేయడం. మైనస్ 1 అంటే హద్దు లేదని. రెండు నెలలు బాగానే గడిచింది. తర్వాత రెండు సర్వర్ల మధ్య సింక్‌లో ఏదో తేడా వస్తే, కారణం తెలియడానికి ఎర్రర్స్ లాగు లెవెల్‌ని 8192కి పెట్టాను. రెప్లికేషన్ (సర్వర్ల మధ్య ఆ సింక్) ముచ్చట్లన్నీ రాసే లెవెల్ అది. సాయంత్రానికి సమస్య తేలింది. లెవెల్ మళ్ళీ తగ్గించకుండా ఇంటికెళ్ళాను.

తెల్లారుజామున ఫోన్. వార్ పార్టిషన్ నిండిపోయింది. నిద్రమత్తులో ఎర్రర్స్ ఫైల్నే తీసేశాను. డిస్క్‌లో ఖాళీ చూపే డీఎఫ్ కొడితే ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాలేదు. ఆ ఫైల్ సర్వర్ చేతిలో తెరిచే ఉంది. పేరు పోయింది గానీ జాగా పోలేదు. తెరిచి ఉన్న ఫైళ్ళు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో చూస్తే పక్కన డిలీటెడ్ అని కనిపించింది. రెండో సర్వర్ బాగానే ఉందని చూసుకుని మొదటిదాన్ని రీస్టార్ట్ చేస్తే గానీ జాగా తిరిగి రాలేదు. రొటేట్ అయిన, అంటే సర్వర్ నింపి పక్కన పెట్టిన, పాత ఫైళ్ళనైతే నిక్షేపంగా తీసేయొచ్చు, నడుస్తున్నదాన్ని తీయకూడదు.

అంతకన్నా బాధ కలిగించింది వేరే. మైనస్ 1 పెట్టినా, డిస్క్‌లో ఖాళీ కనీస హద్దు కన్నా తగ్గితే సర్వర్ పాత యాక్సెస్ లాగుల్ని తానే తీసేస్తుంది. ఆ హద్దు డిఫాల్ట్‌గా 5 ఎంబీ. రెండు నెలలు పోగేసిన వాటిలో చాలా భాగం ఆ రాత్రి పోయింది.

ఇప్పుడు లాగులకి వేరే పార్టిషన్ ఇచ్చాను. సర్వర్లో వారం రోజులవే ఉంచుతాను, పరిమితులు ఆ లెక్కకి సరిపడా పెట్టాను. రోజూ రాత్రి రొటేట్ అయిన ఫైళ్ళను జిప్ చేసి సెంట్రల్ స్టోరేజీకి పంపే స్క్రిప్టు నడుస్తుంది. 180 రోజులకి 72 జీబీ అవ్వాలి, మా ఫైళ్ళు జిప్ చేస్తే పదో వంతుకి దిగాయి. ఆడిట్ లాగు ఆన్ చేశాను. ఎర్రర్స్ లెవెల్ పెంచితే రెండు గంటల తర్వాత దానంతటదే మామూలు స్థితికి తెచ్చే జాబ్ కూడా ముందే పెడతాను.

నెలకోసారి, యాక్సెస్ లాగుల్ని చదివే లాగ్‌కన్వ్ స్క్రిప్టు నడుపుతాను. ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సర్వర్ ఉంచుకునే పట్టిక) లేని వెతుకులాటలు ఎన్నో, ఏ ఎర్రర్ ఎన్నిసార్లో లెక్కగట్టి ఇస్తుంది. మా హాజరు అప్లికేషన్ ఉద్యోగి నంబరుతో వెతికినప్పుడల్లా రెండు సెకన్లు పట్టేది అందులోనే బయటపడింది. ఇండెక్స్ వేశాక ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

పోయిన నెల స్టోర్స్‌లో ఒకాయనకి ఇలాగే అకౌంట్ లాక్ అవుతుంటే, మేడమే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. జిప్ ఫైళ్ళలో వెతికే జెడ్‌గ్రెప్ కొట్టాను. ఆయన పాత ఫోన్లో ఉండిపోయిన మెయిల్ యాప్. ఎప్పట్నుంచి అని ఆయన అడగకముందే, మేడమ్ వంగి స్క్రీన్ మీద మొదటి లైన్లో తేదీ చదివి వినిపించారు.