గంటకు గంటన్నర

శాక్రమెంటోలో కాలిఫోర్నియా స్టేట్ ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన రెండో నెల. మర్నాటికి ఇవ్వాల్సిన రిపోర్టు సగంలో ఉండిపోతే, అందరూ వెళ్లాక ఏడింటిదాకా కూర్చుని పూర్తి చేసి, సూపర్‌వైజరుకి మెయిల్ కొట్టి ఇంటికెళ్లాను. పొద్దున్నే ఆవిడ పిలిస్తే మెచ్చుకోవడానికే అనుకున్నాను. తలుపు వేసి, "నిన్న రెండు గంటలు ఎక్కువ చేశావు, ఎవరిని అడిగావు?" అంది. "ఫర్వాలేదు, ఆ రెండు గంటలు రాసుకోనులెండి" అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. "నువ్వు రాయకపోతే చట్టం తప్పినదాన్ని నేనవుతాను. ముందు అది రాయి. ఇంకోసారి మాత్రం అడక్కుండా ఉండిపోకు."

ఉచితంగా పనిచేస్తానంటే కంగారుపడే పై అధికారిని నేను అప్పుడే చూడటం.

అంతకుముందు మూడేళ్లు ఇదే ఊళ్లో ఇంకో ఆఫీసులో కాంట్రాక్టరుగా చేశాను. 2015లో హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్న కొందరికి ఈఏడీలు, అంటే పనిచేసుకునే అనుమతి కార్డులు, ఇవ్వడం మొదలయ్యాక దొరికిన పని. వెండరు, అంటే మనుషుల్ని సరఫరా చేసే మధ్యవర్తి కంపెనీ ద్వారా, గంటల లెక్కన జీతం. లేబర్ డే వస్తే పక్క సీట్లో పర్మనెంటు ఆవిడకు జీతంతో సెలవు, నాకు ఎనిమిది గంటల డబ్బు కోత. పిల్లాడికి జ్వరమొచ్చినా అంతే. 45 గంటలు పనిచేసిన వారం కూడా 40 మాత్రమే రాయమనేవాడు వెండరు. రాసేదాన్ని, అడిగితే కాంట్రాక్టు పోతుందని టెన్షన్. గ్రీన్‌కార్డు వచ్చి, ఆన్‌లైన్ పరీక్ష రాసి, అర్హుల లిస్టులోకెక్కి, ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి 2019లో అనలిస్టుగా చేరేసరికి తక్కువ రాసుకోవడం నాకు బాగా అలవాటైపోయింది.

నిజానికి ఆ అలవాటు ఇంట్లోనే పుట్టింది. నాన్న నంద్యాలలో రెవెన్యూ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. జమాబందీ (ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీ) రోజుల్లో, ఎలక్షన్లప్పుడు ఆయన ఇంటికి ఏ వేళకొస్తారో తెలిసేది కాదు. 2009 అక్టోబరు వరదలకైతే వారం రోజులు బట్టలు మేమే పంపించాం. ఓవర్‌టైమ్ అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. దానికి బదులు ఇంకో ఏర్పాటు ఉండేది. ఏడాదికి 15 సీఎల్‌లు (క్యాజువల్ లీవులు) కదా, తేదీ వేయని సీఎల్ లెటరొకటి ఎప్పుడూ డ్రాయరులో ఉండేది. ఆయన రాని రోజు పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తే పక్క సీటాయన దానిమీద తేదీ వేసేవాడు. ఎవరూ రాకపోతే మర్నాడు వెళ్లి రిజిస్టర్లో సంతకం పెట్టేయడమే. రాత్రిళ్లు చేసిన పని ఏ కాగితం మీదా లేదు, రాని రోజులూ ఏ కాగితం మీదా లేవు. రెండింటికీ చెల్లు. తప్పే, కాదనను. కానీ ఆ వారం రోజుల వరద డ్యూటీకి ఆయనకు ఇంకే రూపంలో ముట్టిందో కూడా నాకు తెలీదు.

ఇక్కడ అన్నీ కాగితం మీదే. నెలాఖరున టైమ్‌షీటులో రోజుకొక గడి, ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు ఏ సెలవు అని. ఇంత పట్టింపు ఎందుకో మా యూనియన్ స్టీవార్డు (ఆఫీసులో యూనియన్ ప్రతినిధి) ఒకరోజు లంచ్‌లో చెప్పాడు. వారానికి 40 గంటలు దాటితే గంటకు గంటన్నర జీతం ఇవ్వాలన్న చట్టం 1938 నాటిది. అది రాష్ట్రాలకు, మున్సిపాలిటీలకు వర్తిస్తుందా లేదా అన్నది చాలా ఏళ్లు కోర్టుల్లో నలిగి, శాన్ ఆంటోనియో సిటీ బస్సుల సంస్థ కేసులో 1985లో వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఖజానా మీద భారం పడుతుందని రాష్ట్రాలు గోల పెడితే, అదే ఏడాది చట్టం మార్చి ఒక వెసులుబాటు ఇచ్చారు: డబ్బుకు బదులు సెలవు ఇవ్వచ్చు, కానీ అదీ గంటకు గంటన్నరే. ప్రైవేటు కంపెనీలకు ఇది కుదరదు. మామూలు ఉద్యోగులు 240 గంటల దాకా దాచుకోవచ్చు, పోలీసులు, ఫైర్ వాళ్లయితే 480. ఇలా దాచుకున్న సెలవునే మేం సీటీఓ (కాంపెన్సేటింగ్ టైమ్ ఆఫ్) అంటాం. అనుమతి లేకుండా చేసినా, చేసినట్టు ఆఫీసుకు తెలిస్తే లెక్క కట్టాల్సిందే. మా సూపర్‌వైజరు కంగారు అప్పుడర్థమైంది.

అందరికీ ఈ వైభోగం లేదు. మన తెలుగువాళ్లలో ఐటీ స్పెషలిస్టులుగా చేరినవాళ్లు చాలామంది "వర్క్ వీక్ గ్రూప్ ఈ"లో ఉంటారు. శనివారం రాత్రంతా సర్వరు ముందు కూర్చున్నా వాళ్లకు ఓవర్‌టైమ్ రాదు. పాట్‌లక్‌లో కలిసినప్పుడు నా సీటీఓ మాటెత్తితే చాలు, ఒక నిట్టూర్పు వినబడుతుంది. ఇక మా ఆయన కంపెనీలో "అన్‌లిమిటెడ్ లీవ్". మూడేళ్లలో ఆయన తీసుకున్నది తొమ్మిది రోజులు. లెక్క లేని సెలవు అడగడానికి మొహమాటమట!

నేను యాన్యువల్ లీవ్ ఎంచుకున్నాను. సిక్ లీవ్, వెకేషన్ విడివిడిగా కాకుండా అంతా ఒకటే కుండ. మొదట్లో నెలకు 11 గంటలు, మూడేళ్లు దాటాక 14. ఎవరైనా పెద్ద జబ్బున పడి సెలవులన్నీ అయిపోతే, ఆఫీసంతటికీ మెయిల్ వస్తుంది: ఫలానావారికి గంటలు దానం చేయదలచినవారు ఫారం నింపగలరు అని. పేరుంటుంది, జబ్బు ఉండదు. ఎప్పుడూ పలకరించని నాలుగో అంతస్తు మనిషికి నా సీటీఓలోంచి ఎనిమిది గంటలు రాసిచ్చాను. చెక్కు రాయడంకన్నా వింతగా అనిపించింది, నా బుధవారం ఒకటి తీసుకెళ్లి ఇంకొకరి చేతిలో పెట్టినట్టు.

చేరి ఏడాది నిండకుండానే కోవిడ్. బడ్జెట్ లోటని 2020 జూలై నుంచి జీతంలో 9.23 శాతం తగ్గించి, దానికి బదులు నెలకు 16 గంటల సెలవు మా ఖాతాలో వేశారు. పర్సనల్ లీవ్ ప్రోగ్రామ్, పీఎల్‌పీ. రిటైరయ్యాక వైద్య ఖర్చుల కోసమని జీతంలోంచి మినహాయించేది ఆ ఏడాది ఆపారు కాబట్టి చేతికొచ్చేది మరీ అంతగా పడిపోలేదు. పాతవాళ్లు, 2009తో పోలిస్తే ఇదెంత అన్నారు. ష్వార్జ్‌నెగర్ గవర్నరుగా ఉండగా ఆ ఫిబ్రవరి నుంచి నెలకు రెండు శుక్రవారాలు ఆఫీసులు మూసి జీతం కోశారట, జూలై నుంచి మూడు. అంటే జీతంలో దాదాపు 14 శాతం. "సినిమాల్లో రక్షించేవాడు, మా శుక్రవారాల్ని మాత్రం చంపేశాడు" అని మా టీమ్‌లో పెద్దావిడ ఇప్పటికీ అంటుంది. మా కోత 2021 జూన్‌తో ఆగింది. ఖాతాలో 192 గంటలు మిగిలాయి.

2022లో నాన్నకు హైదరాబాద్‌లో బైపాస్ అన్నారు. అమ్మ ఒక్కతే ఉంది, నేనొక్కదాన్నే కూతుర్ని. తల్లిదండ్రుల జబ్బుకు ఏడాదిలో 12 వారాల దాకా ఉద్యోగం పోకుండా సెలవు తీసుకునే హక్కు ఫెడరల్ చట్టంలో ఉంది, జీతం మాత్రం ఉండదు. (అత్తమామలు ఆ చట్టం దృష్టిలో తల్లిదండ్రులు కారు, అదో కథ.) జీతం కోసం పీఎల్‌పీ వాడుకున్నాను. 192 గంటలంటే సరిగ్గా 24 పనిదినాలు. హెచ్ఆర్ ఇచ్చిన ఫారం తీసుకెళ్తే హైదరాబాద్ డాక్టరుగారు అటూ ఇటూ తిప్పి చూసి, "స్టాంపు ఎక్కడేయాలమ్మా?" అన్నారు.

నంద్యాల ఇంటికొచ్చిన మూడో వారం, నాన్న మంచం పక్కన కూర్చుని టైమ్‌షీటు నింపుతుంటే తొంగి చూశారు.

"ఏంటమ్మా అది?"

"సెలవు లెక్క, నాన్నా."

"నా గుండె ఆపరేషన్ ఏ కాలమ్‌లో రాశావు?"

చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, సర్వీసు రిజిస్టరు పరిశీలించినట్టు గడి గడీ చూశారు. ఆయన రిటైరయ్యేనాటికి ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) గరిష్ఠంగా 300 రోజులు మిగిల్చి డబ్బు చేసుకున్న మనిషి. పెళ్లిళ్లకు కూడా వాటిని ముట్టుకోలేదు.

"పూర్తి జీతమేనా?"

"ముందే కోసుకున్నారుగా. అదే ఇది."

"మాకైతే ఈఎల్ ఉంటే ఈఎల్, లేకపోతే హెచ్‌పీఎల్, హాఫ్ పే లీవ్. సగం జీతం" అన్నారు. కాసేపటికి మళ్లీ, "ఇవాళెన్ని గంటలు రాస్తావు?"

"ఇవాళ ఆదివారం, నాన్నా. రాయక్కర్లేదు."