ఖాదీ చీరల ఫ్యాషన్ షోకి జడలు ఎంచిన నా అనుభవం

ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి శ్రీకాకుళంలో ఒక కాలేజీవాళ్ళు పెట్టిన పొందూరు ఖాదీ ఫ్యాషన్ షో నిన్ననే అయింది. మోడల్స్‌లో ఎవరికి ఏ జడ, ఎవరికి ఏ ముడి అని నిర్ణయించే పని నాది. భుజాల నొప్పి ఇంకా తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. ఇలాంటి పని ఒప్పుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాట్లాడుకోవడం, పిల్లల ఫొటోలు తెప్పించుకోవడం, సామాను కొనడం ఇట్టే అయిపోయాయి. ముందురోజే తలంటుకుని రమ్మన్నాను. అప్పుడే తలంటుకున్న జుట్టు జారిపోతుంది, పిన్ను పట్టదు.

గొడవంతా రిహార్సల్లోనే. షో నడిపించడానికి పెద్ద ఊరి నుంచి ఒకాయన్ని పిలిపించారు. ఆయన వస్తూనే ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, అందరికీ జుట్టు వదిలేసి ఇలాగే కర్ల్స్ పెట్టెయ్యమన్నాడు. బయట ముసురు, గ్రీన్‌రూమ్‌లో ఒకటే ఫ్యాను. "సార్, ఈ చెమ్మకి కర్ల్స్ నిలబడవు" అన్నాను. వేడికి వంగిన వెంట్రుక చల్లారేటప్పుడు ఆ వంపులోనే కుదురుకుంటుంది, గాలిలో తేమ ఎక్కువైతే దాన్ని పీల్చుకుని మళ్ళీ పాత తీరుకే వచ్చేస్తుంది. అది చెప్పబోతుంటే ఆయన పిల్లలందరి ముందూ, "పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కుట్టుకునేవాళ్ళకి ర్యాంప్ గురించి ఏం తెలుస్తుందమ్మా!" అన్నాడు. నిర్వాహకుల్లో ఒక్కరూ నోరు మెదపలేదు. నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి పక్కనే ఉంది. దాని ముందు ఆ మాట పడ్డానని నాకు ఏడుపొచ్చింది. "అప్పా, ఎల్లిపోదాం రా" అని అది నా చెయ్యి పట్టుకుంది.

వెళ్ళలేదు. పూలజడ కుట్టడం రానివాళ్ళే దాన్ని చులకన చేస్తారు. అంత బరువు తల మీద పెట్టి, తెల్లవారుజాము ముహూర్తంలో తలంబ్రాలు పడి, అప్పగింతలయ్యేదాకా ఒక్క పిన్ను కదలకుండా నిలబెట్టిన చేతులివి. ర్యాంప్ మీద రెండు నిమిషాలు నిలబెట్టలేవా?

ఆయన చెప్పినట్టే చేసి చూపించాను. చుట్టిన ప్రతి పాయనీ వేడి మీదే పిన్ను పెట్టి, పూర్తిగా చల్లారాకే వదిలాను, స్ప్రే కొట్టాను. మొదటి వరస నడిచి వచ్చేసరికే సగం జారిపోయాయి. చివరి వరసకి జుట్టంతా కొబ్బరిపీచులా చెదిరి మొహాల మీద పడింది. అప్పుడు ఆయన నా మెషీన్ నాసిరకం అన్నాడు!

ఇంతలో పొందూరు నుంచి చీరలు తెచ్చిన పెద్దావిడ లేచింది. "ఏటమ్మా ఇది, జుట్టంతా పమిట మీదే పడిపోతే మా నేత ఎవులికి కనిపిస్తాది?" అంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన బట్ట అది. అందరూ చూడాల్సింది ఆ బట్టనే. ప్రిన్సిపాల్ మేడమ్‌కి అప్పుడు అర్థమైంది. "మీకు ఎలా తోస్తే అలా చెయ్యండమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట ముందే అని ఉంటే ఎంత బాగుండేది!

తరవాత పని సాఫీగా సాగింది. పమిట ఎడమ భుజం మీదుంటుంది కాబట్టి జడని కుడివైపు ముందుకు వేశాను. కాలర్ జాకెట్టయితే ఎత్తు ముడి, వీపు లోతుగా ఉంటే మెడ మీద సిగ. ఒకమ్మాయి జుట్టు పుట్టుకతోనే రింగులు. దాన్ని సాగదీయకుండా అలాగే వెనక్కి కట్టాను. పొట్టి జుట్టు పిల్లకి సవరం పెట్టమని ఒత్తిడి చేశారు, పెట్టలేదు. చెవి వెనక్కి దువ్వి కనకాంబరాలు పెడితే అందరికంటే ఆ పిల్లే బాగుంది. రాళ్ళ జడబిళ్ళలు వద్దన్నాను. ఆ సన్న నూలుకి కొక్కెం తగిలితే పోగు లేచిపోతుంది.

ఒక్కొక్కరికీ రెండేసి చీరలు, మధ్యలో దొరికేది కొద్ది నిమిషాలే. అందుకని మొదట జడ వేసి, రెండో చీరకి ఆ జడనే చుట్టి కొప్పు పెట్టాను. ముందు కొప్పు పెట్టి తరవాత జుట్టు వదులుదామంటే స్ప్రేకి అట్టకట్టి దువ్వెన దిగదు. ఇంకోటి, జుట్టు పనంతా చీర కట్టకముందే అయిపోవాలి. పిల్లలని ముందు బొత్తాలున్న చొక్కాలు వేసుకుని రమ్మనండి, తలమీంచి తీయక్కర్లేదు. తెల్ల ఖాదీ మీద నూనె చుక్క పడితే ఇక అంతే.

షో అయ్యాక ఆ పెద్దమనిషి ఫొటోల్లో నా జడల పక్కనే నిలబడ్డాడు, నాతో మాత్రం మాట్లాడలేదు. నా కూలి ఇచ్చేశారు కానీ పూల డబ్బులు ఇంకా రాలేదు. శ్రావణంలో కనకాంబరాలు ఏ రేటుంటాయో మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళకి తెలుసు. పూల ఖర్చు విడిగా, ముందే తీసుకోండి. జడల విషయంలో ఆఖరి మాట ఎవరిదో కూడా ఒప్పుకునే రోజే కాగితం మీద రాయించుకోండి.