మంటల వెలుతురులో ఉత్తరాలు

నాన్న ముప్పై ఏళ్లు సైకిల్ మీద ఉత్తరాలు పంచారు. నిన్న వాషింగ్టన్‌లోని పోస్టల్ మ్యూజియంలో, పైనుంచి వేలాడుతున్న డీహెచ్-4 అనే పాత విమానం కింద నిలబడి ఎంతకీ కదల్లేదు. జంట రెక్కలు, 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజిన్. యుద్ధం కోసం చేసిన విమానం. తపాలాకి మార్చినప్పుడు పైలట్‌ని వెనక సీటుకి జరిపి, ముందు భాగం ఉత్తరాల సంచులకి ఇచ్చేశారు. పైలట్ తలమీద కప్పు కూడా లేదు.

1921 ఫిబ్రవరిలో జాక్ నైట్ అనే తపాలా పైలట్ ఇలాంటి విమానంలోనే నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ ఊరి నుంచి షికాగో దాకా రాత్రంతా ఎగిరాడు. ఒమాహాలో దిగాక అక్కణ్నుంచి ఉత్తరాలు తీసుకెళ్లే పైలట్ లేడు. తనెప్పుడూ పోని దారిలో, రోడ్డు మ్యాపు పట్టుకుని తనే బయల్దేరాడు. దారి కనబడాలని కింద జనం మంటలు వేశారు!

ఇదంతా చెబుతుంటే నాన్న మెల్లగా అడిగారు: "సంచులు తడవలేదు కదమ్మా?"