కోత అయ్యాక కూడా నీళ్లు

"ద్రాక్ష గుత్తులన్నీ కోసేశాం కదరా, ఇంకా నీళ్లెందుకు?" అంటూ బావ డ్రిప్ వాల్వ్ కట్టేయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

ముదిరిన ద్రాక్ష కొమ్మ ఒకటి కోసి, కోసిన చోట అయోడిన్ చుక్క వేశాను. నల్లబడింది. అదంతా పిండిపదార్థం. విపరీతంగా కాసిన పక్క తీగ కొమ్మకు మాత్రం రంగు అంతంతమాత్రమే.

ఏప్రిల్‌లో కొమ్మలు కురచగా కత్తిరించాక తీగ మీద ఆకు ఉండదు. కొత్త చిగుళ్లు మొదట బతికేది వేర్లలో, కాండంలో దాచుకున్న ఈ తిండి మీదే. దాన్ని నింపేది ఇప్పుడున్న ముదురాకులే! అందుకే కత్తిరించేదాకా నీళ్లు, కాస్త ఎరువు ఇవ్వాలి, బూడిద తెగులు రాకుండా చూసుకోవాలి. అంత కాపు ఇచ్చిన తీగను ఎండబెట్టడానికి నాకు మనసొప్పదు.

ఆ పక్క తీగకు వచ్చే కాపులో గుత్తులు తగ్గిద్దామన్నాను. బావ ఇంకా ఆలోచిస్తున్నాడు.