ఎలుగుబంటికి ఎన్ని గళ్ళు?

చార్టు మీద గళ్ళు గీసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి, పాచికలు వేసి కథ నడిపే ఆట) ఆడేటప్పుడు అసలు తగువు దెబ్బల దగ్గర రాదు, మంత్రంతో రూపం మారినప్పుడు వస్తుంది.

2014 ఐదో ఎడిషన్ లెక్కలో అంగుళం గడి అంటే 5 అడుగులు. మనిషికి ఒక గడి. డ్రూయిడ్ (జంతువుగా మారగల మాంత్రికుడు) బ్రౌన్ బేర్ అనే ఎలుగుబంటి అయితే లార్జ్ సైజు, 2×2 గళ్ళు. పాలిమార్ఫ్ అనే రూపం మార్చే మంత్రంతో జెయింట్ ఏప్ (రాక్షస కోతి) అయితే హ్యూజ్ సైజు, 3×3, తొమ్మిది గళ్ళు! ఏ వైపుకి పెరగాలో ఆ మంత్రం చెప్పదు. పాత గడి కొత్త చోటులో ఒక భాగంగా ఉండాలి, మిగతావి ఖాళీ గళ్ళు కావాలి అని ఆట మొదలెట్టే ముందే ఒప్పుకోండి.

ఒంటిని పెద్దది చేసే ఎన్‌లార్జ్ మంత్రం మాత్రం స్పష్టం: చోటు చాలకపోతే పట్టినంతే పెరుగుతారు. ఆయుధం దెబ్బకి 1డి4 (నాలుగు ముఖాల పాచిక ఒకటి) కలుస్తుంది గానీ చెయ్యి అందే దూరం పెరగదు. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు.

5 అడుగుల దారిలో ఎలుగుబంటి అంటే మన వన్‌టౌన్ సందులో లారీ. దూరొచ్చు, కానీ ప్రతి అడుగుకీ ఇంకో అడుగు ఖర్చు. దాని దాడులకి, డెక్స్‌టెరిటీ సేవ్‌లకి (చురుగ్గా తప్పించుకునేందుకు వేసే పాచికలకి) డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. దాన్ని కొట్టేవాళ్ళకి అడ్వాంటేజ్, అంటే ఎక్కువది తీసుకోవచ్చు.

రూపం చిన్నదై శత్రువుకి అందకుండా పోతే ఆపర్చునిటీ అటాక్ (చేతికి అందే దూరం దాటి పోయేవాడిని కొట్టే దెబ్బ) లేదు, అది నడక కాదు కాబట్టి. పట్టు సంగతి వేరు: మనకన్నా ఒక సైజు పెద్దవాళ్ళ వరకే పట్టుకోగలం. పట్టులో ఉన్నవాడే ఏప్ అయిపోతే? మనిషికన్నా రెండు సైజులు పెద్ద కాబట్టి పట్టు వదిలిపోయినట్టే అనుకోవడం న్యాయం.

పాత శుభలేఖల అట్టని 2, 3 అంగుళాల చదరాలుగా కత్తిరించి దగ్గర పెట్టుకోండి. బొమ్మ కింద జరిపితే చాలు.